ఆరు రోజులు దాచిన కబురు

మంగళవారం పొద్దున పదిన్నరకు ఫికిలె ఫోను చిన్నగా మోగి ఆగింది. అప్పుడామె కుట్టుమిషను ముందు కూర్చుని టాక్సీ నడిపే మడోండో వ్యాను సీటుకి ఎర్ర రెక్సీను అంచు కుడుతోంది. చక్రం ఆపి, చేతులు గౌనుకు తుడుచుకుని ఫోను తీసింది.

వలసల ఆఫీసు నుంచి మెసేజ్. లామెక్ చిర్వాకు నివాస అనుమతి మంజూరైందనీ, పాస్‌పోర్టూ రసీదూ పట్టుకుని స్వయంగా వచ్చి తీసుకోవాలనీ.

రెండుసార్లు చదివింది. మొగుడి పేరు మీద మెసేజ్ తన ఫోనుకి రావడంలో వింతేమీ లేదు. మలావీ నుంచి వచ్చి కాగితాల్లేకుండా ఉన్న మనిషికి సొంత పేరున సిమ్ కార్డు ఇవ్వరు. అందుకే దరఖాస్తులో ఆమె నంబరే రాశారు.

రేకుల షెడ్డు బయట లామెక్ పాత సీటుని బోర్లా పడేసి, పట్టకారుతో తుప్పు పట్టిన పిన్నులు పీకుతున్నాడు. పీకిన ప్రతి పిన్నునూ డబ్బాలో వేస్తాడు. నేల మీద పారేస్తే ఎవరి కాలికో గుచ్చుకుంటుందని. ఫికిలె అతన్ని పిలవడానికి నోరు తెరిచింది. తెరిచిన నోరు అలాగే ఉండగా గేటు దగ్గర తెంజివే గొంతు వినిపించింది.

"ఏం మాసితోలె, నీ కుర్రాడు పొద్దున్నే పనిలో దిగాడే!"

పెళ్ళయిన ఆడదాన్ని అక్కడ పుట్టింటి వంశం పేరుతో పిలుస్తారు, అలా ఫికిలె అందరికీ మాసితోలె. తెంజివే పక్కింటావిడ. ఫికిలె మొదటి మొగుడు పోయినప్పుడు ఆచారం ప్రకారం చాపమీద పక్కన కూర్చుని నెల్లాళ్ళు ఓదార్చిన మనిషి. ఆ చనువుతోనే లోపలికొచ్చి స్టూలు లాక్కుంది.

"కుర్రాడేంటి, ముప్ఫై ఏడేళ్ళు," అంది ఫికిలె.

"నీకు నలభై ఆరు. నాకు లెక్కలొచ్చులే." తెంజివే గొంతు తగ్గించింది. "కొండకింద వీధిలో డుడు సంగతి విన్నావా? దాని మొగుడికి పోయిన నెల కాగితం చేతికొచ్చింది. ఎనిమిదో రోజున సంచి సర్దుకుని పోయాడట. ఫోను కూడా ఎత్తట్లేదు. పాపం, అది మూడేళ్ళు వండిపెట్టింది, ఆఫీసుల చుట్టూ తిరిగింది, పెళ్ళి నిజమైందేనని నమ్మించడానికి మంచానికి ఏ పక్కన పడుకుంటాడో కూడా దొరల ముందు చెప్పుకుంది."

"అందరూ ఒక్కలా ఉంటారా?"

"ఉండరమ్మా. నేనన్నానా ఉంటారని? మీ ఆయన దేవుడు." తెంజివే లేచి, వెళ్తూ వెళ్తూ లామెక్‌ని పలకరించింది. అతను టోపీ తీసి, వంగి, రెండు చేతులతో ఆమె చెయ్యి అందుకున్నాడు. ఆ ఉమ్లాజీ పేటలో అంత మర్యాద చేసే మగవాడు ఇంకొకడు లేడని ఆమే పదిమందికీ చెబుతుంటుంది.

ఫికిలె ఫోను గౌను జేబులో వేసుకుంది. సాయంత్రం చెబుదాం అనుకుంది. ఇంత మంచి కబురు చెమట చేతులతో ఎందుకు, అన్నం దగ్గర చెబుదాం అనుకుంది.

సాయంత్రం అన్నం దగ్గర లామెక్ చిక్కుడుగింజల కూర కలుపుకుంటూ, మడోండో సీట్లు శుక్రవారానికి అయిపోతాయని చెప్పాడు. ఆమె ఊకొట్టింది. అతను తింటుంటే అతని చేతినే చూస్తూ కూర్చుంది. ఈ చెయ్యి ఈ పళ్ళెంలోంచి లేచి ఇంకెక్కడికో పోతే ఎలా ఉంటుందని మొదటిసారి అనిపించింది. ఒక్కరోజు. ఒక్క రోజు ఆగితే కొంప మునగదు.

బుధవారం లేచేసరికి ఎప్పటిలాగే మిషనుకు నూనె వేసి ఉంది. పక్కన మూతపెట్టిన టీ కప్పు. పెళ్ళయిన ఈ మూడేళ్ళలో అతను ఒక్క పొద్దున కూడా ఆ పని మరచిపోలేదు. ఆ టీ అలాగే చల్లారిపోయింది. ఇవాళ చెప్పాలి అనుకుంది. కానీ ఇవాళ చెబితే, నిన్నెందుకు చెప్పలేదని అడుగుతాడు. ఏం చెప్పాలి? ఆ జవాబు వెతుక్కోవడంలోనే బుధవారం అయిపోయింది.

గురువారం చర్చిలో ఆడవాళ్ళ ప్రార్థన. సంఘం వాళ్ళ ఎర్ర జాకెట్టు, తెల్ల కాలరు వేసుకుని వెళ్ళింది. డుడు కోసం అందరూ మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థించారు. డుడు మాత్రం వెనక బల్ల మీద, ముఖం గోడకు తిప్పుకుని కూర్చుంది. ఆమెను ఎవరూ ముట్టుకోలేదు. ప్రార్థనలో వేసిన కేక బయట టాక్సీ స్టాండుదాకా వినపడేట్టుంది గానీ, భుజం మీద చెయ్యి వేసిన వాళ్ళు లేరు. ఫికిలె కూడా వెయ్యలేదు. ఆ దుఃఖం అంటుకుంటుందేమోనన్నట్టు దూరంగానే ఉండిపోయింది.

ఇంటికొచ్చాక కూడా చెప్పలేదు.

శుక్రవారం మధ్యాహ్నం లామెక్ ఫోను మోగింది. మీటలున్న పాత ఫోను, అందులో సిమ్ ఎవరో స్నేహితుడి పేరున ఉంది. అతను దాన్ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని స్పాంజి కోస్తూనే మాట్లాడాడు. కాసేపటికి కత్తి ఆగింది. అతను లేచి గోడ దగ్గరికి వెళ్ళి, గోడకేసి తిరిగి నిలబడ్డాడు. వాళ్ళ భాష ఫికిలెకి రాదు. 'అమ్మ' అన్న మాట మాత్రం ఏ భాషలోనైనా తెలిసిపోతుంది.

మాట్లాడటం అయ్యాక వచ్చి, కుట్టిన సీటు మీద కూర్చున్నాడు. పని పూర్తయిన సీట్ల మీద అతనెప్పుడూ కూర్చోడు.

"అమ్మకు పక్షవాతం. పొద్దున పొయ్యి దగ్గర పడిపోయిందట. తవొంగ ఏడుస్తోంది, రమ్మంటోంది." తవొంగ అతని చెల్లెలు.

ఫికిలె అతని దగ్గరికెళ్ళింది. అతని చొక్కాకు అంటిన స్పాంజి పొట్టు ఏరసాగింది.

"వెళ్తే ఐదేళ్ళు మళ్ళీ అడుగుపెట్టనివ్వరు," అన్నాడు లామెక్. "గడువు దాటి ఉన్నవాడికి బోర్డరులో ముద్ర వేసి పంపిస్తారు. తొమ్మిదేళ్ళుగా అమ్మని చూడలేదు. ఇప్పుడు వెళ్తే నిన్ను ఐదేళ్ళు చూడను." తలెత్తాడు. "ఆఫీసు నుంచి ఏమన్నా కబురొచ్చిందా, మాసితోలె?"

జేబులో ఫోను తొడకు తగులుతోంది.

చెప్పాల్సిన క్షణం అదే. అది ఆమెకు ఆ క్షణంలోనే తెలుసు. చెబితే అతను ఆఫీసు మూసేలోగా కాగితం తీసుకుని సాయంత్రం బస్సెక్కుతాడు. ఎక్కుతాడు గానీ, ఎక్కే ముందు ఆమె ముఖంలోకి ఒకసారి చూస్తాడు. మూడు రోజులు దాచావా అని. ఆ చూపుతో వెళ్ళినవాడు తిరిగొస్తాడా?

"రాలేదు," అంది.

"సోమవారం ఆఫీసుకు పోయి అడుగుదామా ఒకసారి?"

"పోదాం. ఇద్దరం కలిసే పోదాం." ఆ మాట ఎంత చురుగ్గా వచ్చిందంటే, తనకే సిగ్గేసింది. సోమవారం అడుగుతారు, వచ్చిందంటారు, అప్పుడే తెలిసినట్టు తనూ ఆశ్చర్యపోతుంది. మూడు రోజులే కదా. ముసలమ్మ మూడు రోజులు ఉండకపోదు. స్నానాల గదిలోకి వెళ్ళి, తలుపు గడియపెట్టి, మెసేజ్ చెరిపేసింది. చెరిపాక చేతులు కడుక్కుంది, సబ్బుతో, మోచేతుల దాకా.

శనివారం లామెక్ ముగ్గురి పని ఒక్కడే చేశాడు. ఎవరో తరుముతున్నట్టు సీట్ల మీద రెక్సీను లాగి బిగించాడు. ఒకచోట గుడ్డ పర్రున చిరిగింది. అతని చేతిలో గుడ్డ చిరగడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

ఆదివారం చర్చికి బయల్దేరుతుండగా తవొంగ ఫోను చేసింది. తల్లి పోయింది. సోమవారం మధ్యాహ్నం మట్టి వేస్తారు.

లామెక్ గుమ్మంలో నిలబడి, వేసుకున్న కోటు విప్పి, మళ్ళీ వేసుకుని, మళ్ళీ విప్పాడు. ఫికిలె అతన్ని పట్టుకుంది. అతను ఆమె భుజం మీద తలపెట్టి ఏడ్చాడు. ఏడుస్తూ "నువ్వొక్కదానివే ఉన్నావు నాకు" అన్నాడు. ఫికిలె ఒక అడుగు వెనక్కి వేసింది. తన బరువు మోయలేకపోతోందనుకున్నాడేమో, సర్దుకుని నిలబడ్డాడు.

శుక్రవారం బయల్దేరి ఉంటే సోమవారం మధ్యాహ్నానికి అందేవాడు. జొహన్నెస్‌బర్గ్ దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి వాళ్ళ ఊరు ముజూజు దాకా రెండు రోజుల బస్సు. ఆదివారమంతా ఆమె మనసు ఆ బస్సుల వెంటే తిరిగింది. ఇప్పుడు బోర్డరు దాటేవాడు. ఇప్పుడు నది దాటేవాడు.

సోమవారం ఊళ్ళో ఉన్న మలావీ వాళ్ళు ఎనిమిదిమంది వచ్చారు. తోటపనివాళ్ళు, బేకరీలో చేసేవాళ్ళు, ఒక దర్జీ. కూర్చోడానికి కుర్చీలు చాలక, మడోండో వ్యాను సీట్లు షెడ్డు ముందు రెండు వరసలుగా వేశారు. ఎర్రగా మెరిసే కొత్త సీట్ల మీద నల్లబట్టల మనుషులు, ఎక్కడికో ప్రయాణమై కదలని బండిలో కూర్చున్నట్టున్నారు. తెంజివే వచ్చి పెద్ద కుండతో టీ కాచింది. నోరు ఎలాంటిదైనా, చావుకు ముందుండే మనిషి.

తవొంగ అక్కణ్ణుంచి వీడియోలో చూపిస్తానంది. లామెక్ ఫోనులో బొమ్మ రాదు. ఫికిలె తన ఫోను ఇచ్చింది. దాన్ని కుట్టుమిషను మీద నూలు ఉండకు ఆనించి నిలబెట్టారు. లామెక్ దాని ఎదురుగా, అందరికన్నా ముందు, నేల మీద కూర్చున్నాడు.

ఎర్రమట్టి. తలల మీద గుడ్డలు కప్పుకున్న ఆడవాళ్ళు. శవపెట్టె కనిపించింది, తర్వాత ఎవరిదో వీపు అడ్డొచ్చింది. పాట మొదలైంది. అక్కడ వాళ్ళు అందుకున్న చరణాన్ని ఇక్కడ సీట్ల మీద వాళ్ళు అందుకున్నారు. ఫోనులోంచి వచ్చే గొంతు కొంచెం వెనకబడి వస్తోంది. తాళ్ళు పట్టుకున్న నలుగురు మగవాళ్ళు వంగారు.

అప్పుడు తెరకు పైన తెల్లటి పట్టీ జారింది.

ఫికిలె మిషను పక్కనే నిలబడి ఉంది. అక్షరాలన్నీ చదవక్కర్లేదు, ఆఫీసు పేరు చాలు. పోయిన మంగళవారం తెలియజేసిన అనుమతిని ఇంతవరకూ తీసుకోలేదనీ, త్వరగా తీసుకోవాలనీ గుర్తుచేస్తున్నారు. రెండో కబురు. పెట్టె గోతిలోకి దిగుతోంది, పట్టీ దాని మీదే నిలబడింది, తర్వాత మాయమైంది.

లామెక్ వీపు ఒక్కసారి నిటారుగా అయింది. అంతే. తల తిప్పలేదు. పాట ఆపలేదు. మొదటి పార మట్టి పడింది, రెండోది పడింది, పాడుతూనే ఉన్నాడు. గొంతు మాత్రం మారిపోయింది. పక్కవాళ్ళకి అది ఏడుపులా వినపడి ఉండాలి. దర్జీ ముందుకు జరిగి అతని వీపు నిమిరాడు.

అయిపోయాక అందరికీ చేతులిచ్చి సాగనంపాడు. సీట్లు ఒక్కొక్కటే తడిగుడ్డతో తుడిచి లోపల పెట్టాడు. చివరికి ఫోను తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"నీకు మెసేజ్ వచ్చింది," అన్నాడు.

మంగళవారం టాక్సీలో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఊళ్ళోకి వెళ్ళారు. మధ్యలో ఒకచోట పోలీసులు బండి ఆపారు. లామెక్ అలవాటుకొద్దీ టోపీ ముఖం మీదికి లాక్కున్నాడు. పోలీసు లోపలికి తొంగిచూసి, చెయ్యి ఊపి పంపేశాడు.

ఆఫీసు వరండాలో బల్ల మీద వాళ్ళ వంతు కోసం కూర్చున్నప్పుడు ఫికిలె నోరు విప్పింది.

"వెళ్ళిపోతావని భయమేసింది, చిర్వా. డుడు మొగుడు వెళ్ళినట్టు. ఒక్క రోజు దాచుదామనుకున్నాను. అమ్మకి అలా అవుతుందని..."

"భయం," అన్నాడు లామెక్. గొంతు పెంచలేదు. "తొమ్మిదేళ్ళు పోలీసు బండి కనబడితే గోడపక్కకి తప్పుకున్నాను. పంటి నొప్పొస్తే ఆసుపత్రికి పోలేదు, పేరు అడుగుతారని. భయం గురించి నువ్వు నాకు చెప్పకు. శుక్రవారం నేను నిన్ను అడిగాను. నీ కళ్ళల్లోకి చూసి అడిగాను."

"అడిగావు."

"రాలేదన్నావు."

"అన్నాను."

నంబరు పిలిచారు.

కిటికీ వెనక అమ్మాయి పాస్‌పోర్టు తెరిచి, అతికించిన కాగితం ఇద్దరికీ కనపడేలా తిప్పింది. రోజుకు వందమందికి చెప్పి చెప్పి అరిగిపోయిన గొంతుతో చదివింది. "ఇది భార్యతో కలిసి ఒకే ఇంట్లో కాపురం ఉన్నంతకాలమే చెల్లుతుంది. విడిపోతే ఆఫీసుకు తెలపాలి, అనుమతి రద్దవుతుంది. పెళ్ళయి ఐదేళ్ళు నిండాక శాశ్వత నివాసానికి పెట్టుకోవచ్చు. అర్థమైందా, అయ్యగారూ? అర్థమైందా, అమ్మగారూ? ఇక్కడ సంతకాలు పెట్టండి."

ఇద్దరూ పెట్టారు. ఫికిలె సంతకం గీత దాటి పోయింది.

మెట్లు దిగుతూ లామెక్ ఆగాడు. "విన్నావుగా. వెళ్ళిపోవడానికి లేదని వాళ్ళే రాసిచ్చారు. ఇంకా రెండేళ్ళు. నువ్వు ఊరికే భయపడ్డావు."

అతను నవ్వుతాడేమోనని చూసింది. నవ్వలేదు. ఆమెకు అప్పుడు అర్థమైంది, తను దేన్ని పోగొట్టుకుందో. ఇకనుంచి అతను ఉంటే, ఎందుకున్నాడో ఆమెకు తెలియదు. మంగళవారం పొద్దున కేకేసి చెప్పి ఉంటే తెలిసేది.

బుధవారం పొద్దున బస్సు. తల్లి సమాధి చూసి, మట్టి వేసి రావాలి. సంచి చిన్నదే. బస్సు పక్కన నిలబడి ఫికిలె రాత్రంతా కూడబలుక్కున్న మాట చెప్పింది.

"చిర్వా, నువ్వు తిరిగొచ్చి ఈ ఊళ్ళో ఇంకెక్కడున్నా సరే, నేను ఎవరికీ చెప్పను. ఎవరొచ్చి అడిగినా మా ఇంట్లోనే ఉన్నాడంటాను. నీ కాగితానికి ఏమీ కాదు."

లామెక్ సంచి భుజానికి తగిలించుకున్నాడు.

"ఇంకో అబద్ధమా, మాసితోలె? ఈసారి నా కోసమా?"

బస్సెక్కి, అటు పక్క కిటికీ దగ్గర కూర్చున్నాడు.

వారం గడిచింది. ఫికిలె ఒక్కతే సీట్లు కుట్టింది. స్పాంజి కొయ్యడం ఆమెకు సరిగా రాదు, అంచులు వంకర్లు పోయేవి. మడోండో తన రెండో వ్యాను సీట్లు చూసి, "పర్లేదులే అక్కా, కూర్చునేవాళ్ళు వెనక అంచు చూస్తారా," అని సర్దుకుపోయాడు. పొద్దున్నే లేచి మిషనుకు తనే నూనె వేసుకునేది.

తెంజివే రెండుసార్లు వచ్చింది. మొదటిసారి ఏమీ అనలేదు. రెండోసారి ఆగలేకపోయింది. "కాగితం రాగానే ఎగిరిపోయాడు. నేను చెప్పలా?"

"తెంజివే," అంది ఫికిలె కుట్టు ఆపకుండా, "కాగితం ఆ మంగళవారమే వచ్చింది. నువ్వు స్టూలు మీద కూర్చున్నప్పుడు నా జేబులోనే ఉంది. వాళ్ళమ్మ మంచాన పడితే రాలేదని చెప్పాను. ఎగిరిపోయాడంటే తప్పు అతనిది కాదు."

తెంజివే ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళింది.

ఆ గురువారం ప్రార్థనకెళ్ళినప్పుడు ఫికిలె వెనక బల్ల మీద డుడు పక్కన కూర్చుంది. డుడు ఆశ్చర్యంగా చూసి, కొంచెం చోటిచ్చింది.

శుక్రవారం తవొంగ ఫోను చేసింది. ఆమె నాలుగేళ్ళు జొహన్నెస్‌బర్గ్‌లో ఇళ్ళల్లో పనిచేసి వెళ్ళింది కాబట్టి జూలూ బాగా మాట్లాడుతుంది.

"వదినా, బాగున్నావా? ఇక్కడ అన్నీ సవ్యంగా జరిగాయి. అన్నయ్య అందరికీ చెప్పాడు, కాగితం ఆలస్యంగా చేతికందిందనీ, అందుకే అమ్మకి మట్టి వెయ్యలేకపోయాననీ. పెద్దవాళ్ళు నీకు దణ్ణాలు చెప్పమన్నారు. నీ వల్లే కదా అన్నయ్య దొంగలా కాకుండా దొరలా బోర్డరు దాటి వచ్చాడు. అమ్మ కట్టుకునే నీలం గుడ్డ, పండగలకి కట్టేది, అది కోడలికే చెందాలని తీర్మానించారు. అన్నయ్య చేతికిచ్చి పంపుతున్నాం."

ఫికిలె మంచం మీద కూర్చుండిపోయింది. ఆలస్యంగా చేతికందింది. అబద్ధమంటే అంత మండిపడ్డ మనిషి, తన ఊరివాళ్ళ ముందు, తన తల్లి పోయిన ఇంట్లో, ఆమె కోసం ఆ మాట అన్నాడు. ఆమెను నిందలకు అప్పజెప్పకుండా తను మోశాడు.

అవునమ్మా అని ఊరుకుంటే సరిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు.

"తవొంగా, ఆ గుడ్డ నాకు పంపకండమ్మా."

"అదేంటి వదినా?"

"కాగితం ఆలస్యంగా రాలేదు. నేనే ఆలస్యం చేశాను. మీ అమ్మ పడిపోయిన రోజున మీ అన్నయ్య అడిగితే, చేతిలో పెట్టుకుని రాలేదన్నాను. వెళ్తే మళ్ళీ రాడని భయపడి. ఆ రోజే చెప్పి ఉంటే మట్టి వేసే వేళకి అందేవాడు."

అవతల ఎక్కడో కోడి కూసింది, ఎవరో రోట్లో దంచుతున్నారు. తవొంగ ఫోను పెట్టేస్తుందేమోనని ఫికిలె ఎదురుచూసింది.

"ఈ మాట ఇంకెవరికీ చెప్పకు," అంది చివరికి తవొంగ. గొంతు గట్టిపడింది. "పెద్దవాళ్ళు వింటే అన్నయ్యని పంపరు. నేనే పంపేదాన్ని కాదు." ఊపిరి పీల్చుకున్న శబ్దం. "అన్నయ్య ఇక్కడే ఉన్నాడు. ఇస్తున్నా."

ఫోను చేతులు మారింది.

"ఏం చెప్పావు దానికి?" లామెక్ గొంతు.

"జరిగింది చెప్పాను."

అతను నడుస్తున్నట్టున్నాడు, కాలికింద ఎండుటాకులు చిట్లుతున్నాయి. జనం గొంతులు దూరమయ్యాయి.

"గుడ్డ తెస్తున్నాను," అన్నాడు. "ఎప్పుడివ్వాలో నేను చూసుకుంటాను. నువ్వు అడగకు."

"అడగను."

"రేపు బస్సు. సోమవారం సాయంత్రానికి వస్తాను. రెండో గదిలో నాకు మంచం వెయ్యి."

"వేస్తాను."

"కాగితం కోసం వస్తున్నానో, ఎందుకొస్తున్నానో నాకే తెలియదు, మాసితోలె. తెలిసినప్పుడు చెబుతాను."

"సరే, చిర్వా," అంది.

ఫోను పెట్టేశాక ఆమె రెండో గది తలుపు తీసింది. రెక్సీను చుట్టలు, పాత సీట్ల చట్రాలు, మొదటి మొగుడి బట్టల పెట్టె, అన్నీ గోడదాకా పేర్చి ఉన్నాయి. చీపురు, బకెట్టు తెచ్చుకుంది. కిటికీ చాలాకాలంగా తెరవక బిగుసుకుపోయింది. భుజం ఆనించి రెండుసార్లు నెడితే తెరుచుకుంది. మొదట చుట్టలు బయటికి మోసింది, తర్వాత చట్రాలు, ఒక్కొక్కటే.